అవధానం ఎవరి సొత్తు?

ఈమధ్య ఏ సాహిత్య సభకు వెళ్ళినా, ఏ ఉపాధ్యాయ సమావేశానికి వెళ్ళినా ఒక ఫిర్యాదు తప్పక వినబడుతున్నది. పిల్లలు చదవడం లేదు, పెద్దలు వినడం లేదు, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడుతున్నా చూపు ఫోను మీదనే ఉంటున్నది, పది పేజీల కథ చదివే ఓపిక లేని తరం తయారైంది అని. ఈ ఫిర్యాదు చేసిన వక్త వేదిక దిగీ దిగగానే జేబులోంచి ఫోను తీసి, తన ఉపన్యాసం ఫొటో ఎవరైనా పెట్టారేమోనని చూసుకోవడం కూడా నేను గమనించాను. ఆ వక్తల్లో నేనూ ఒకణ్ణి కనుక ఎవరినీ నొప్పించడానికి ఈ మాట అనడం లేదు.

ఈ ఫిర్యాదుకు మన మధ్య రెండు రకాల సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది నైతిక విలాపం. కాలం చెడింది, పిల్లలకు క్రమశిక్షణ లేదు, తల్లిదండ్రులకు బాధ్యత లేదు అనేది దీని సారం. రెండోది సాంకేతిక ఆశావాదం. నవల వచ్చినప్పుడూ, సినిమా వచ్చినప్పుడూ, టీవీ వచ్చినప్పుడూ పెద్దలు ఇలాగే గుండెలు బాదుకున్నారు, సమాజం సర్దుకున్నది, ఇప్పుడూ సర్దుకుంటుంది అనేది దీని సారం. చూడడానికి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. మనిషి మనసు నిలపడమనేది వ్యక్తి స్వభావానికో, యంత్ర స్వభావానికో సంబంధించిన విషయమని రెండూ భావిస్తాయి. దానికి ఒక సామాజిక చరిత్ర ఉన్నదని, ఆ చరిత్రలో ఆస్తి సంబంధాల ప్రమేయం ఉన్నదని గుర్తించవు. ఆ చరిత్రను, నాకు తెలిసినంత మేరకు, ఇక్కడ పరిశీలిస్తాను.

మనసు నిలపడానికి తెలుగులో శ్రద్ధ, ధ్యాస, ఏకాగ్రత వంటి మాటలున్నాయి. నేను అవధానం అనే మాటను ఎన్నుకుంటున్నాను. దీనికొక కారణముంది. అభ్యుదయ విమర్శకులం మనం అవధాన ప్రక్రియను జమీందారీ కాలపు వినోదంగా, జ్ఞాపకశక్తి ప్రదర్శనగా కొట్టిపారేశాం. ఆ విమర్శలో న్యాయం ఉన్నది. అయితే ఆ ప్రక్రియ నిర్మాణంలో మనకు పనికొచ్చే అంశం ఒకటున్నది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది. వారిలో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేసేవారు. అవధాని మనసు చెదరగొట్టడమే ఆయన పని. ఐనా ఆయన ఎనిమిది మందిలో ఒకరు మాత్రమే. ఆయన హద్దులు సభకు తెలుసు. చివరికి అవధాని ధారణకు వచ్చి, మధ్యలో తెగిన పద్యాలన్నిటినీ పూర్తిగా అప్పజెప్పవలసిందే. నేటి పరిస్థితి ఏమిటంటే, ఎనిమిది పీటల మీదా అప్రస్తుత ప్రసంగే కూర్చున్నాడు. ఆయనకు సంభావన ఇస్తున్నది సభ కాదు. ధారణ ఘట్టం రానే రాదు.

ఇక చరిత్రలోకి వెళదాం. మన గ్రామాల్లో అవధానం మొదటినుంచీ సామూహికమైనదే. పురాణ కాలక్షేపం, హరికథ, వీధి భాగవతం, తోలుబొమ్మలాట అన్నీ పదిమంది కూర్చుని వినేవి, చూసేవి. మౌనంగా, ఒంటరిగా పుస్తకం చదువుకోవడం నూటికి తొంభైమందికి తెలియని అనుభవం. అయితే ఈ గతాన్ని బంగారు కాలంగా చిత్రించడం చరిత్రకు అపచారం చేయడమే అవుతుంది. పురాణం జరిగే గుడి మంటపంలోకి మాలమాదిగలకు ప్రవేశం లేదు. వినబడినంత దూరంలో నిలబడి వినవలసిన వాళ్ళున్నారు. విన్నదాన్ని ప్రశ్నించే హక్కు విన్నవాళ్ళలో ఎవరికీ లేదు. అంటే అవధానం సామూహికంగా ఉన్నంత మాత్రాన ప్రజాస్వామికం కాదు. ఎవరు వింటున్నారు, విన్నదాని మీద మాట్లాడే అధికారం ఎవరికి ఉన్నది అనే రెండు ప్రశ్నలు ఎప్పుడూ వేసుకోవాలి.

ఆ రెండో ప్రశ్నకు మొదటిసారి సంఘటితంగా సమాధానం చెప్పింది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు దాని స్థాపనకు పూనుకున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఫలితంగా 1914లో విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పుస్తకాల పడవనే నడిపారు. ప్రయాణంలో ఉన్నవాడికీ, గట్టుమీద ఉన్నవాడికీ పుస్తకం దగ్గరకే వచ్చింది.

ఇక్కడ మనం సాధారణంగా విస్మరించే అంశం ఒకటున్నది. ఈ ఉద్యమాన్ని పుస్తకాల లెక్కతో, భవనాల లెక్కతో కొలవడం మనకు అలవాటు. కాని అక్షరాస్యులు పదిమందిలో ఒకరైనా లేని ఊళ్ళో గ్రంథాలయం ఎలా పనిచేసింది? ఒకరు చదివితే ఇరవైమంది విన్నారు. పఠన మందిరం అరుగు మీద పత్రిక పైకి చదవబడేది. చదివేవాడు ఆగినచోట వినేవాడు అడిగేవాడు. మా తాత బడి ముఖం చూడలేదు. కాని ఆయన రెండో ప్రపంచయుద్ధం సంగతులు, బెంగాల్ కరువు సంగతులు తేదీలతో చెప్పేవాడు. “ఎలా తెలుసు తాతా?” అంటే “అరుగు మీద విన్నాం గదరా” అనేవాడు. ఆ అరుగు మీద తెల్లదొరతనం గురించి జరిగిన వాదం, తర్వాత భూమిశిస్తు మీదికి, అక్కణ్ణుంచి కూలిరేట్ల మీదికి వెళ్ళేదట.

నిజాం పాలనలోని తెలంగాణలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. సభ జరపాలంటే ముందస్తు అనుమతి కావాలని శాసించిన గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. రాజకీయ సభకు అనుమతి దొరకనిచోట గ్రంథాలయ వార్షికోత్సవమే సభ అయింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగాడు. పాలకులు పుస్తకానికి భయపడలేదు. పుస్తకం చుట్టూ మూగిన మనుషులకు భయపడ్డారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడడం, అదే కాలంలో ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లెపల్లెకూ మోసుకుపోవడం ఈ క్రమంలో భాగాలే. నాజర్ బుర్రకథ చెబుతుంటే వేలమంది రాత్రంతా కదలకుండా కూర్చున్నారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళకు మనకంటె ఎక్కువ ఏకాగ్రత పుట్టుకతో వచ్చిందా? కాదు. చెప్పబడుతున్న కథ వాళ్ళది. పక్కన కూర్చున్న మనిషి కూడా ఆ కథలోనివాడే. అవధానానికి ఈ రెండింటిని మించిన పునాది లేదు.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. 1865లో క్యూబా రాజధాని హవానాలో ఎల్ ఫిగరో అనే చుట్టల కార్ఖానాలో కార్మికులు ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. వరసగా బల్లల ముందు కూర్చుని పొగాకు చుడుతుంటే, ఎత్తయిన పీట మీద కూర్చుని ఒక మనిషి పత్రికలు, నవలలు పైకి చదివేవాడు. అతని జీతం యజమాని ఇచ్చింది కాదు, కార్మికులు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చింది. ఏ పుస్తకం చదవాలో వాళ్ళే తేల్చుకునేవారు. 1866లోనే వలస ప్రభుత్వం ఈ చదువును నిషేధించింది. ఐనా అది మళ్ళీ మళ్ళీ తలెత్తింది. క్యూబా నుంచి వలసపోయిన కార్మికులతో పాటు అమెరికాలోని టాంపా నగరానికి చేరింది. అక్కడ 1931లో యజమానులు చదివేవాళ్ళను తొలగించారు. కార్మికులు సమ్మె చేశారు, ఓడిపోయారు. చదివే మనిషి పీట ఉన్నచోటికి రేడియో వచ్చింది.

ఈ చివరి వాక్యాన్ని ఒకసారి నిలిచి ఆలోచించమని పాఠకులను కోరుతున్నాను. రేడియో చెడ్డదా? కానే కాదు. కాని చదివే మనిషిని కార్మికులు ఎన్నుకున్నారు, రేడియోను ఎన్నుకోలేదు. చదివే మనిషిని “ఆగు, ఆ ముక్క మళ్ళీ చదువు” అనవచ్చు, రేడియోను అనలేం. చెవి అదే, చేయి అదే, కార్ఖానా అదే. మారింది ఆ చెవి మీద పెత్తనం ఎవరిదన్న సంగతి. నేటి ఫోను గురించిన చర్చ అంతా ఈ చిన్న సంఘటనలో బీజరూపంలో ఉన్నది.

సామూహిక పఠనానికి ఎంత శక్తి ఉన్నదో నేను కళ్ళారా చూసిన ఉదాహరణ చెబుతాను. మాది నెల్లూరు జిల్లా. 1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలయ్యేనాటికి నాకు పదేళ్ళు దాటాయి. మా అమ్మమ్మ రాత్రి బడికి పోతుంటే లాంతరు పట్టుకుని నేను తోడు వెళ్ళేవాణ్ణి. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు మొగుడితో వేగలేక ప్రాణం తీసుకున్న ఆడమనిషి కథ. బడి నడిపే కుర్రాడు దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివించేవాడు. ఒకామె ఒక వాక్యం చదవడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలూ మిగతా పాతికమందీ ఆమె వేలి కొసనే చూస్తూ కూర్చునేవారు. పాఠం అయిపోయాక ఎవరూ లేచేవారు కాదు. “మన పక్కింట్లో జరగలా?” అని ఒకరు మొదలుపెడితే నూనె అయిపోయి లాంతరు ఆరేదాకా మాటలు సాగేవి. మా అమ్మమ్మ సంతకం చేయడం నేర్చుకున్నది ఆ ఏడాదే. సారా దుకాణం ముందు బైఠాయించినదీ ఆ మరుసటి ఏడాదే.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అంగడి మూయించారు. వాళ్ళు చేసిన పనే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా మళ్ళీ వాచకంలోకి ఎక్కి మిగతా ఊళ్ళకు పాకింది. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఒక పాఠం ప్రభుత్వ ఆదాయవనరును మూయించింది. ఆ పాఠం శిల్పరీత్యా గొప్పదేమీ కాదు. పాతికమంది ఒకచోట కూర్చుని, ఒకే వాక్యం మీద, తొందర లేకుండా మనసు నిలపడమే దాని బలం.

ఇది ఒక పాయ. దీనికి సమాంతరంగా, విరుద్ధ దిశలో మరొక పాయ నడుస్తూ వచ్చింది. 1833లో న్యూయార్క్‌లో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు ‘సన్’ అనే పత్రికను ఒక సెంటుకే అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటికి తక్కిన పత్రికల వెల ఆరు సెంట్లు. తేడా ఎలా పూడింది? ప్రకటనల ద్వారా. ఆ రోజునుంచి పత్రిక వ్యాపారంలో సరుకు మారిపోయింది. అంతవరకు పాఠకుడు కొనుగోలుదారు, వార్త సరుకు. ఇక పాఠకుడి చూపే సరుకు, ప్రకటనదారు కొనుగోలుదారు. చూపు ఎక్కువ కావాలంటే వార్త రుచిగా ఉండాలి. 1835లో అదే పత్రిక చంద్రుడి మీద రెక్కల మనుషులున్నారని వరసగా కట్టుకథలు అచ్చువేసింది. కెనడాకు చెందిన మార్క్సిస్టు పండితుడు డాలస్ స్మైత్ 1977లో ఈ సంబంధాన్ని సిద్ధాంతీకరించాడు. ప్రకటనల మీద బతికే మాధ్యమాలు నిజంగా తయారుచేసి అమ్మేది కార్యక్రమాలను కాదు, ప్రేక్షకులను అని ఆయన వాదన. అంతకు ఆరేళ్ళ ముందు, 1971లో, అమెరికన్ ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్, సమాచారం పెరిగినకొద్దీ కరువయ్యేది మనిషి అవధానమని హెచ్చరించాడు. కరువైన వస్తువుకు మార్కెట్టులో ధర పలుకుతుందని వేరే చెప్పనక్కరలేదు.

మన దగ్గర ఈ పాయ ఆలస్యంగా వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ చేరినప్పుడు కూడా అది ఊరుమ్మడి టీవీనే. ఊరికొక్క పెట్టె, దాని ముందు ఊరంతా. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1980ల చివర్లో మా వీధిలో ఒకే ఇంట్లో టీవీ ఉండేది. ఆదివారం ఉదయం వాళ్ళ వసారా సినిమా హాలు అయ్యేది. తర్వాత ఇంటికొక పెట్టె, ఆ తర్వాత గదికొకటి, చివరికి చేతికొకటి వచ్చాయి. వాటి ముందు కూర్చునేవాళ్ళ గుంపు చిన్నదవుతూ వచ్చి ఒకే మనిషి దగ్గర ఆగింది.

వారపత్రికల్లో వ్యాపార నవలలు రాజ్యమేలిన రోజుల్లో మన పత్రికలు వాటిమీద చేసిన విమర్శను నేను ఎమ్మే చదివే రోజుల్లో గ్రంథాలయంలో శ్రద్ధగా చదువుకున్నాను. ప్రతి భాగం చివర ఉత్కంఠ ముడి వేసి పాఠకుణ్ణి వచ్చే వారం దాకా కట్టేయడమే ఆ నవలల శిల్పమని మనవాళ్ళు సరిగ్గానే గుర్తించారు. ఐతే ఆ ముడి వారానికి ఒకటి. మధ్యలో ఆరు రోజులు పాఠకుడి సొంతం. ఆ ఆరు రోజుల్లో పక్కింటావిడతో కథ గురించి మాట్లాడుకునేవారు. నేటి యంత్రంలో ముడికీ ముడికీ మధ్య విరామం కొన్ని క్షణాలే.

ఆ యంత్రం ఎలా తయారైందో తెలుసుకోవడం విమర్శకుడి బాధ్యత. 1957లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఫెర్‌స్టర్, స్కిన్నర్ ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, పావురం ముక్కుతో మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే అది కడుపు నిండగానే ఆగిపోతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. జూదశాలల్లో యంత్రాలు ఈ సూత్రం మీదనే నడుస్తాయి. 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త తెర మీద పేజీకి చివర అనేది లేకుండా చేసే పద్ధతి రూపొందించాడు. వేలితో తోస్తున్నకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. తర్వాతి కాలంలో ఆయనే దానికి పశ్చాత్తాపపడ్డాడు. 2007లో ఐఫోన్ వచ్చింది. 2009లో ఫేస్‌బుక్ లైకు మీట పెట్టింది. ఆ సంస్థ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో, మనిషి సమయాన్ని, అవధానాన్ని వీలైనంత ఎక్కువగా లాగడం ఎలా అన్నదే తమ ఆలోచనగా ఉండేదని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా దాదాపు ఉచితంగా ప్రవహించి ఈ యంత్రం మా పల్లెల్లో రొయ్యల చెరువుల గట్ల దాకా చేరింది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధిస్తే, కొద్ది వారాల్లోనే ఆ ఖాళీలోకి రీల్స్ వచ్చి కూర్చున్నాయి. వేరే జెండా, అదే దుకాణం.

పనికి ఎనిమిది గంటలు, విశ్రాంతికి ఎనిమిది గంటలు, మా ఇష్టానికి ఎనిమిది గంటలు అని 19వ శతాబ్దపు కార్మికవర్గం పోరాడింది. 1886లో చికాగో వీధుల్లో రక్తం ధారపోసింది. మూడో ఎనిమిది గంటల్లోనే గ్రంథాలయం, రాత్రి బడి, నాటకం, సంఘం, ప్రేమ, పిల్లలతో కబుర్లు ఇవన్నీ పుట్టాయి. పెట్టుబడి ఇప్పుడు కన్నేసింది ఆ మూడో ఎనిమిది గంటల మీద. కూలి ఇవ్వకుండా, మనకు వినోదమని చెప్పి, మన చూపును తీసుకుని అమ్ముకుంటున్నది. కనుక ఇది అలవాట్ల సమస్య అనడం పూర్తి సత్యం కాదు. ఇది పనిగంటల సమస్యకు కొనసాగింపు.

దీని ప్రభావం గురించి అతిశయోక్తులు అనవసరం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గ్లోరియా మార్క్ కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించింది. ఒక తెర మీద చూపు నిలిచే సగటు సమయం 2004లో రెండున్నర నిమిషాలు, 2012లో 75 సెకన్లు, ఆ తర్వాతి సంవత్సరాల్లో సుమారు 47 సెకన్లు. ఇది తెర ముందు ప్రవర్తనకు కొలత మాత్రమే, మెదడు శక్తి క్షీణించిందనడానికి రుజువు కాదు. అంతరాయాల్లో దాదాపు సగం మనుషులు తమకు తాముగా కల్పించుకునేవే అని కూడా ఆమె గమనించింది. అప్రస్తుత ప్రసంగి ఇప్పుడు మనలోపలే కాపురం పెట్టాడన్నమాట.

ఇంతవరకూ ఇతరుల మాటలు చెప్పాను. నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోజన విరామంలో నేను బడి వరండాలో కూర్చుని ఉన్నాను. అంతకుముందు రోజు నేనొక కవితాసంపుటి మీద రాసిన నాలుగు పేరాలు పెట్టాను. ఎవరెవరు మెచ్చుకున్నారో చూసుకుంటున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి బల్ల పక్కన నిలబడింది. “సార్, ఒక మాట” అన్నది. “ఊఁ, చెప్పమ్మా” అన్నాను. ఏదో చెప్పింది. “ఊఁ, ఊఁ, సరే” అన్నాను. తల ఎత్తలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. సోమవారం నుంచి బడికి రాలేదు. వారం తర్వాత వాళ్ళింటికి వెళితే తాళం. రొయ్యల చెరువుల దగ్గర కాపలా పనికి కుటుంబమంతా వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. “మీతో చెప్పానందే సార్. సార్ సరే అన్నాడందే” అన్నారు. ఆ పిల్ల అడగడానికి వచ్చింది, తనను ఎక్కడైనా హాస్టల్లో ఉంచి చదివించే వీలుందా అని. మండలంలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉన్నది. ఒక దరఖాస్తు, ఒక ఫోను సరిపోయేది. ఆ ఫోను నా చేతిలోనే ఉన్నది. తర్వాత రెండు నెలలు వాకబు చేశాం. జాడ తెలియలేదు.

నా తప్పుకు ఏ కంపెనీనీ ముద్దాయిని చేయను. తల ఎత్తనిది నేను. కాని ఒక మనిషి ఎదుట నిలబడి ఉండగా తల ఎత్తకపోవడం ఒక తరానికంతటికీ సహజంగా అనిపిస్తున్నదంటే, దాన్ని వ్యక్తిగత దోషమని సరిపెట్టుకోవడం చరిత్ర విద్యార్థికి తగదు. ఆ వరండాలో నేను ఒక్కణ్ణే కూర్చుని లేను. నా బలహీనత మీద లెక్కకట్టి లాభం తీసే ఒక పరిశ్రమ కూడా నాతో కూర్చున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. ఈ మాధ్యమం పేదవాళ్ళకూ, అణగారిన కులాల రచయితలకూ గొంతు ఇవ్వలేదా అని నా మిత్రులు అడుగుతారు. ఇచ్చింది. సంపాదకుల గడపలు ఎక్కలేకపోయిన ఎందరో దళిత, స్త్రీవాద, ముస్లిం రచయితలు తమ మాట తామే చెప్పుకోగలిగారు. గల్ఫ్ దేశాల్లో కూలికి పోయిన మనిషి రాత్రిపూట బిడ్డ ముఖం చూస్తూ మాట్లాడుకోగలుగుతున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు కాలినడకన పోతున్న దృశ్యాలను దేశానికి చూపించింది చాలావరకు సామాన్యుల చేతి ఫోన్లే. వీటిని కాదనేవాడు అభ్యుదయవాది కాడు, ఛాందసుడు. కాని అదే 2020లో బడి ఫోనులోకి వెళ్ళినప్పుడు, మా తరగతిలో ఫోను ఉన్న ఇళ్ళ పిల్లలే బడిలో ఉన్నారు. ఉన్నవాళ్ళలోనూ ఎందరు విన్నారో నాకు కనబడలేదు. ముఖాలు కనబడని తరగతికి నేను ఏడాదిపాటు పాఠం చెప్పాను. పనిముట్టు వేరు, పనిముట్టు యాజమాన్యం వేరు. రైలు దోపిడీకి వేసిన పట్టాల మీదనే స్వాతంత్ర్యోద్యమం కూడా ప్రయాణించింది. అంతమాత్రాన పట్టాలు ఎందుకు వేశారో మనం మరచిపోలేదు కదా!

సాహిత్యానికి సంబంధించినంతవరకు ప్రమాదం మరింత సూక్ష్మమైనది. రచయితకు తక్షణ మెప్పు దొరుకుతున్నది. మెప్పు దొరికే వాక్యం ఎలా ఉండాలో చేయి దానంతటదే నేర్చుకుంటున్నది. ఒక వేలి తోపులో అర్థమయ్యే కవిత, మొదటి వాక్యంలోనే ఏడిపించే కథ, ముగ్గురిని పొగిడి ఒకరిని తిట్టే విమర్శ తయారవుతున్నాయి. వస్తువు అభ్యుదయకరమే కావచ్చు. రూపాన్ని మాత్రం మార్కెట్టు నిర్ణయిస్తున్నది. వస్తువు మనది, శిల్పం వాళ్ళది అయినప్పుడు చివరికి గెలిచేది ఏదో వ్యాపార నవల మీద మన పాత విమర్శే మనకు చెప్పింది. పుస్తకావిష్కరణ సభల్లో పుస్తకం చదవనివాళ్ళే ఎక్కువమంది మాట్లాడుతున్నారు. ఎవరి మాట ఎవరూ వినకపోయినా అందరి ఫొటోలూ అందరూ పెడుతున్నారు.

ఫోన్లను పారేయమని నేను అనను. నేనూ పారేయలేదు. కంపెనీల మీద చట్టపరమైన నియంత్రణ కావాలి, పిల్లల విషయంలో మరీ ముఖ్యంగా. అది ఉద్యమాల పని. కాని సారా వ్యతిరేకోద్యమం చట్టంతో మొదలు కాలేదు, లాంతరు వెలుగులో పాఠంతో మొదలైంది. మన సంఘాల ప్రతి శాఖ నెలకొకసారైనా ఒక రచనను, రచయిత లేకుండా, సన్మానం లేకుండా, ఫొటో లేకుండా మొదటినుంచి చివరిదాకా పైకి చదివి చర్చించడం అసాధ్యమా? ఆస్తిపన్నుతో పాటు మనం కడుతున్న గ్రంథాలయ పన్ను ఏమవుతున్నదని అడగడం, తలుపు మూసిన శాఖా గ్రంథాలయాన్ని తెరిపించడం అసాధ్యమా? అరుగులు వాటంతటవి పోలేదు, మనం లేచిపోయాం కాబట్టి పోయాయి.

రెండేళ్ళుగా మా బడిలో శనివారం చివరి పీరియడు ఒక కథ పైకి చదువుతున్నాం. నా ఫోను ముందు బీరువాలోకి వెళుతుంది, పిల్లలు చూస్తుండగా. మొదటి నెల పదో నిమిషానికే అందరూ కదిలేవారు. నాకూ చేయి జేబు వైపు పోయేది. కథ మధ్యలో ఆపి వచ్చే వారానికి వాయిదా వేయడం మానేశాను, ఉత్కంఠతో కట్టేయడం నాకు ఇష్టం లేక. మొన్న శనివారం కుటుంబరావు కథ ఒకటి చదివాం. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలా అక్కరలేదా అని పిల్లలు రెండు పక్షాలయ్యారు. గంట కొట్టారు. బస్సు వేళ అయింది. సంచులు తగిలించుకుని కూడా వాదన ఆపలేదు. రోడ్డు మలుపు దాకా వాళ్ళ గొంతులు వినబడుతూనే ఉన్నాయి. మా అమ్మమ్మ రాత్రి బడి నుంచి తిరిగివచ్చేటప్పుడు, చీకట్లో ఆడవాళ్ళ మాటలు అచ్చం అలాగే వినబడేవి.